మూసీలో అయిదు మార్కుల పురుగు కోసం

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి,



ఈ లేఖతో పాటు అట్టముక్కకు గుచ్చిన ఒక చిన్న గాలం పంపుతున్నాను. తీసేటప్పుడు జాగ్రత్త, మొన పదునుగా ఉంది. ఆ గాలం మీద ఆకుపచ్చ పొట్ట, నల్ల వీపు, కింద బూడిదరంగు నూగు ఉన్న పురుగు ఒకటి కనిపిస్తుంది. అది ప్రాణమున్న పురుగు కాదు, దారంతో, ఉన్నితో, రాగితీగతో నేను కట్టింది. అసలు పురుగు డిండి వాగులో ఉంది. మూసీలో నేను వెతికిన చోట లేదు. ఆ సంగతి మీకు చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

దేవరకొండ వైపు ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఎనిమిదేళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. గాలం పట్టడం అంతకంటే పాతది. చిన్నప్పుడు పెంటకుప్ప అంచున ఎర్రలు తవ్వి, కొబ్బరిచిప్పలో తడిమట్టి వేసి దాచుకొని, కుంటగట్టు మీద కూర్చుని బెండు మునిగేదాకా ఊపిరి బిగబట్టి చూసినవాణ్ని. నాలుగేళ్ల కిందట అమెరికాలో ఉండే మా మేనల్లుడు సెలవులకు వస్తూ బల్లకు బిగించుకునే చిన్న పట్టుకారు ఒకటి తెచ్చాడు. గాలాన్ని దాని నోట్లో బిగించి, ఈకలతో, బొచ్చుతో, దారంతో పురుగు ఆకారం కట్టాలి. ఎర అక్కర్లేదు, చేప ఆ బొమ్మనే పురుగనుకుని అందుకుంటుంది. మొదట నమ్మలేదు. డిండి కాలువలో పరిగె చేప దాన్ని గుంజిన రోజున నమ్మాను. పట్టిన చేపను వదిలేస్తాను. నీటి మీద హక్కు ఉన్న మత్స్య సహకార సంఘం పెద్దలను అడిగి, వాళ్లు సరేనన్న చోటే గాలం వేస్తాను.

ఈ పని చేసేవాళ్లలో మార్పిడి ఆనవాయితీ ఒకటుంది. ఈసారి మేము పదిమందిమి చేరాం. హైదరాబాద్ వాళ్లు, బెంగళూరులో ఉండి కావేరికి పోయేవాళ్లు, హిమాచల్‌లో తీర్థన్ నది పక్కన ఉండే ఒకాయన. ఒక్కొక్కరూ ఒకే నమూనావి పది కట్టి ఒకరి దగ్గరకు పంపాలి. ఆయన అన్నీ విడదీసి, తలా ఒకటి చొప్పున పది రకాలూ మళ్లీ అందరికీ పంపుతాడు. ప్రతి గాలానికీ చిన్న చీటీ ఉండాలి. గాలం ఎన్నో నంబరు, ఏ వస్తువులతో కట్టారు, ఏ నీటిలోని ఏ పురుగును చూసి కట్టారు, ఇవన్నీ రాయాలి. ఈ యేటికి అంశం క్యాడిస్ ఈగ.

క్యాడిస్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనపడదు కానీ ఆ జీవిని మీరూ చూసే ఉంటారు. వాగు పక్కన రాత్రి బల్బు చుట్టూ తిరిగి గోడ మీద వాలుతుంది, చిన్న గోధుమరంగు చిమ్మెటలా ఉంటుంది, రెక్కలను గుడిసె కప్పులా వీపు మీద వాలుగా మూసుకుంటుంది. చిమ్మెటకు రెక్కల మీద పొలుసులుంటాయి, దీనికి సన్నని నూగు. సీతాకోకచిలుకలకూ చిమ్మెటలకూ కీటకాల్లో దీనికంటే దగ్గరి చుట్టం లేదు. తుమ్మచెట్టుకు పుల్లల మూటలా వేలాడే పురుగును మన పిల్లలంతా ఎరుగుదురు. అది చిమ్మెట జాతిది. క్యాడిస్ పిల్లపురుగుల్లో చాలా రకాలు నీటి అడుగున అదే పని చేస్తాయి. నోటి నుంచి పట్టుదారం తీసి ఇసుకరేణువులు, ఆకుముక్కలు, పుల్లలు అతికించి గొట్టం కట్టుకుంటాయి. నీళ్లలో తడుస్తూనే అతుక్కునే జిగురు అది. ఆ పట్టు మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ పనిచేస్తున్నారు. శరీరం లోపలి గాయాలకు వాడగల జిగురు దీన్ని చూసి తయారు చేయాలని వాళ్ల ఆశ. ఇంకో రకం పురుగులు గొట్టం మోయవు. రాళ్ల సందులో ప్రవాహానికి ఎదురుగా పట్టుతో వల అల్లి, వెనక కూర్చుంటాయి. నీటితో కొట్టుకొచ్చే నాచు, పొడి, చిన్న ప్రాణులు వలలో పడితే తింటాయి. వాగులో బెస్తవారి కంటే ముందు వల కట్టింది ఈ పురుగే.

నా వంతుకు ఆ వల పురుగునే ఎంచుకున్నాను. అమెరికాలో 1957లో అల్ ట్రోత్ కట్టిన ఎల్క్ హెయిర్ క్యాడిస్‌ను ప్రపంచమంతా కడుతుంది. పెద్ద దుప్పి బొచ్చును రెక్కగా పెట్టిన తేలే గాలం అది. గ్యారీ లాఫాంటైన్ అనే మరో అమెరికన్ ఈ పురుగులను చూడటానికి గాలి సిలిండరు తగిలించుకొని నదిలో మునిగి, 1981లో వాటి మీద పెద్ద పుస్తకమే రాశాడు. వాటిలో ఒకటి చూసి కట్టి పంపవచ్చు, ఎవరూ కాదనరు. కానీ చీటీలో 'ఏ నీటిలోని పురుగు' అన్న గడి ఉంది కదా. అక్కడ అమెరికాలోని మోంటానా అని రాయడానికి మనసొప్పలేదు. మన నల్లగొండ, పాలమూరు నీళ్ల పేరు రాయాలనుకున్నాను.

అందుకని పోయిన కార్తీకంలో డిండి ప్రాజెక్టు కిందికి పోయాను. పాలమూరు గుట్టల నుంచి దుందుభిగా దిగి, గుండ్లపల్లి దగ్గర కట్టకు ఆగి, ఆ తర్వాత కృష్ణలో కలిసే వాగు అది. వానలు తగ్గి నీళ్లు తేటబడ్డాయి. మోకాలి లోతు పారకంలో ఒక గుండ్రాయిని రెండు చేతులా ఎత్తి తిరగేశాను. రాయి కింది వైపు బురద లేదు, నున్నగా ఉంది. పగులు వెంబడి ఇసుకతో అల్లిన చిన్న గుడారాలు, వాటి ముందు సాలెగూడు కంటే చిక్కని గళ్ల వల. నీటి నుంచి బయటకు రాగానే వల ముడుచుకుపోయి రాతికి అంటుకుంది. వేలి గోటితో గుడారం కొద్దిగా తొలగిస్తే పురుగు బయటకొచ్చింది. తల వెనక మూడు నల్లటి పలకలు కవచంలా ఉన్నాయి. పొట్ట ముదురు ఆకుపచ్చ. కిందివైపు దూదిపోగుల్లా తెల్లటి నూగు, అవి దాని మొప్పలు. తాకగానే కొడవలిలా వంగింది, మళ్లీ నిక్కింది. ఇంటి నుంచి తీసుకుపోయిన తెల్ల ఎనామిల్ పళ్లెంలో నీళ్లు పోసి దాన్ని వేసి, భూతద్దంతో చూస్తూ కొలతలు రాసుకున్నాను. తర్వాత అదే రాయి కింద అదే వైపుగా పెట్టి వదిలాను. రాయిని తిరగేసినవాడు మళ్లీ బోర్లించి రావాలని మా పిల్లలకు చెప్పేవాణ్ని.

ఇంటికొచ్చి కట్టడం మొదలుపెట్టాను. దీనికి ఏ విదేశీ సరుకూ కొనలేదు. బరువు కోసం గాలం కాడకు చుట్టింది బోరు మోటారు రాగితీగ. మా ఊరి రివైండింగ్ షాపులో కాలిపోయిన మోటార్ల నుంచి విప్పిన తీగ కిలోల లెక్కన ఉంటుంది. జానెడు చాలంటే ఆ అబ్బాయి మూరెడు ఇచ్చాడు. పొట్టకు పోచంపల్లి మగ్గాల దగ్గర మిగిలిన పట్టుపోగు, ఆకుపచ్చ రంగుది. మొప్పలకు పాలమూరు గొంగడి ఉన్ని. దక్కనీ గొర్రె బొచ్చు గరుకుగా ఉంటుంది, మెషిన్ల మీద నడవదంటారు. కానీ మైనం రాసిన దారానికి ఆ ఉన్నిని చిటికెడు పట్టించి రెండు వేళ్ల మధ్య ఒకే వైపుకు తిప్పితే తాడులా పేనుకుపోతుంది. పొట్ట మీదుగా వదులుగా చుట్టి, పైన పట్టు దారం బిగించి, కిందివైపు మాత్రం పాత పళ్లబ్రష్షుతో దువ్వితే పోగులు లేచి సరిగ్గా ఆ మొప్పల్లా నిలబడ్డాయి. నీళ్ల గ్లాసులో వేసి చూస్తే పోగులు ఊగాయి. కాళ్లకు మా నాటుకోడి మెడ ఈక, మూడు పలకలకు నల్ల ప్లాస్టిక్ సంచి నుంచి కత్తిరించిన ముక్క. చివర తల దగ్గర దారం తన కిందికే దూరేలా అయిదు చుట్ల ముడి వేసి తెంపితే ఒకటి పూర్తయింది. మొదటిదానికి గంటన్నర పట్టింది. పదోదానికి ఇరవై నిమిషాలు. నాలుగో గాలం మీద పలకలు వంకరగా వచ్చాయి, విప్పి మళ్లీ కట్టాను. మార్పిడిలో ఒకరికి వంకరది పంపితే అది నా వాగు పరువు తీసినట్టే.

ఈకల దగ్గర ఒక మాట చెప్పాలి. పాలమూరు చేన్ల గట్ల మీద నెమలి ఈకలు రాలి ఉంటాయి. ఆ ఈక పోగులు క్యాడిస్ తలకు ప్రపంచమంతా వాడే సరుకు. రాలిన ఈకను దేశంలో ఉంచుకోవచ్చు, దేశం దాటించకూడదు. అలాగే నల్లమలలో తిరిగే బూడిదరంగు అడవికోడి మెడ ఈకల మీద మైనపు బొట్టు కరిగి గడ్డకట్టినట్టు మెరిసే చుక్క ఉంటుంది. ఇంగ్లండులో సాల్మన్ చేపకు గాలాలు కట్టినవాళ్లు ఆ చుక్క కోసం మన అడవికోళ్ల మెడలను ఓడల్లో తెప్పించుకున్నారు. 1902లో ప్రభుత్వం పక్షి ఈకల ఎగుమతిని ఆపాల్సి వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అడవికోడిని వేటాడటం నేరం. నా గాలంలో ఈ రెండు పక్షుల ఈకలూ లేవు, జింకబొచ్చూ లేదు. ఇంట్లో పెరిగిన కోడి, మందలో కత్తిరించిన ఉన్ని చాలు. ఒక పురుగు బొమ్మ కోసం అడవి ప్రాణి మెడ కోయడం ఏ కాలంలోనూ సరైన పని కాదు.

ఇక మూసీ.

పది కట్టాక ఒక కోరిక పుట్టింది. నల్లగొండ జిల్లాకు నది అంటే కృష్ణ తర్వాత మూసీయే. అనంతగిరి గుట్టల్లో పుట్టి, గండిపేట నింపి, హైదరాబాద్ దాటి, వలిగొండ మీదుగా సూర్యాపేట వైపు పారి, వాడపల్లి దగ్గర మీనాక్షీ అగస్త్యేశ్వర స్వామి గుడి పక్కన కృష్ణలో కలుస్తుంది. మా ఉమ్మడి జిల్లాను ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిపే నీరు అది. చీటీలో డిండితో పాటు మూసీ పేరు కూడా రాయగలనా అని చూడాలనిపించింది.

వలిగొండ మండలం సంగెం దగ్గర భీమలింగం కత్వ అనే చిన్న ఆనకట్ట కిందికి దిగాను. కత్వ కింద నీరు రాళ్ల మీద పడి గాలిని కలుపుకుంటుంది. మామూలుగా వల పురుగుకు ఇంతకంటే మంచి చోటు ఉండదు. తెల్లటి నురగ గడ్డలు కట్టి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కొని పద్నాలుగు రాళ్లు తిరగేశాను. ప్రతి రాయి అడుగునా నల్లటి జిడ్డు, బూడిదరంగు తుట్టె. పళ్లెంలో పడినవి ఎర్రటి దోమజాతి పురుగులు, తోకతో గాలి పీల్చే ఎలుకతోక పురుగులు, దారాల్లాంటి బురదపురుగులు. ప్రాణవాయువు దాదాపు లేని నీటిలో బతకడం నేర్చినవి అవి. గుడారం ఒక్కటి లేదు, వల ఒక్కటి లేదు. ఒడ్డున వల ఆరబెడుతున్న ఒక పెద్దాయన నా పళ్లెంలోకి తొంగిచూసి, "సారూ, మూసీ చేప అంటే కొనెటోడు వెనుకకు తిరిగిపోతడు, నువ్వు పురుగుల లెక్క పెడుతున్నవా" అన్నాడు. నేను పెడుతున్నది ఆయన లెక్కే. ఆ పురుగు తిరిగి వస్తే ఆయన చేపకు ధర తిరిగి వస్తుంది.

మండలికి ఈ లెక్క కొత్తది కాదు. ఏ పురుగు ఎంత కలుషితమైన నీటిని తట్టుకుంటుందో దాన్నిబట్టి వెన్నెముకలేని నీటి జీవుల కుటుంబాలకు ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసే పద్ధతి బ్రిటన్‌లో రూపుదిద్దుకుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్ని మన నదులకు తగ్గట్టు మార్చి, స్వచ్ఛం మొదలు తీవ్ర కాలుష్యం దాకా 'ఎ' నుంచి 'ఇ' వరకు అయిదు తరగతులతో జీవసంబంధ నీటి నాణ్యత ప్రమాణాలను తయారు చేసింది. గొట్టం కట్టుకునే క్యాడిస్ కుటుంబాలు కొన్ని పదికి పది తెచ్చుకుంటాయి. అవి చల్లని, తేట నీటి ప్రాణులు. ఎర్ర దోమజాతి పురుగులకు రెండు, బురదపురుగులకు ఒకటి. నేను కట్టిన వల పురుగు కుటుంబానికి అయిదు. కొద్దిపాటి మురికిని అది భరిస్తుంది. నీటిలో కొంచెం ఎక్కువ ఆహారం కొట్టుకొస్తే సంతోషిస్తుంది కూడా. చెరువు కట్టల కింద అది గుంపులుగా ఉండటానికి కారణం అదే.

అయ్యా, నేను మూసీలో పది మార్కుల పురుగును అడగడం లేదు. కోటి మంది నగరం దాటి వచ్చిన నది హిమాచల్ వాగులా ఉండాలని పట్టుబట్టే మనిషిని కాను. అయిదు మార్కుల పురుగును అడుగుతున్నాను.

నీటి నమూనాల్లో కరిగిన ఆక్సిజన్, బీవోడీ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) అంకెలు ఎందుకు సరిపోవంటారా. వాటి విలువ నాకు తెలుసు. స్నానానికి పనికొచ్చే నీటిలో ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదని, బీవోడీ 3 దాటకూడదని తొమ్మిదో తరగతి పిల్లలకు బోర్డు మీద రాసినవాణ్ని. కానీ సీసాలో పట్టిన నీరు ఆ ఒక్క గడియ సంగతే చెబుతుంది. రాత్రి వదిలిన విషం ఉదయం సీసాకు చిక్కదు. రాయి కింది పురుగు మాత్రం వారాలు, నెలలు అక్కడే ఉండాలి. లేచి పోలేదు, ముక్కు మూసుకోలేదు. ఒక్క రాత్రి ఊపిరి ఆడకపోతే చచ్చిపోతుంది. అందుకే అది బతికి ఉన్నదంటే గడిచిన నెలలన్నీ నీరు బతికి ఉన్నట్టు. ఎవరూ దిద్దలేని రిజిస్టరు అది.

2018లో కేంద్ర మండలి దేశం మొత్తంలో 351 కలుషిత నదీ భాగాలను లెక్కగట్టినప్పుడు మూసీని అత్యంత అత్యవసరమైన మొదటి ప్రాధాన్య జాబితాలో పెట్టింది. ఆ తర్వాత శుద్ధి కేంద్రాలు, పునరుజ్జీవనం, రివర్‌ఫ్రంట్ అనే మాటలు చాలా విన్నాం. శుద్ధి కేంద్రాలు కడితే నేను సంతోషిస్తాను. ఒడ్డున నడకదారి, దీపాలు పెట్టినా అభ్యంతరం లేదు. కానీ పని జరిగిందనడానికి రుజువు ఒడ్డున దొరకదు, రాయి కింద దొరుకుతుంది. ఆ దీపాల చుట్టూ సాయంత్రం గుడిసె రెక్కల ఈగలు తిరిగిన రోజున మూసీ బాగుపడిందని నేనే పదిమందికి చెబుతాను.

నా లెక్కలో లోపం ఉందని మీ శాస్త్రవేత్తలు అనవచ్చు. ఒక్క చోట, ఒక్క రోజు, పద్నాలుగు రాళ్లు. నిజమే. బురద ఎక్కువ, ఎండ ఎక్కువ, నీటి మట్టం హెచ్చుతగ్గులు, ఇవి కూడా పురుగును తరిమేస్తాయి. అందుకే నా మాటను తీర్పుగా తీసుకోవద్దు, మీరే వచ్చి లెక్కపెట్టండి. మూడు చోట్ల చూడాలి. గండిపేటకు ఎగువన అనంతగిరి వైపు, నగరం మురుగు తాకకముందు. వలిగొండ దగ్గర కత్వ కింద. వాడపల్లిలో కృష్ణలో కలిసే ముందు. వానాకాలం ముందు ఒకసారి, వెనక ఒకసారి. ఎగువన ఉన్నది దిగువన లేకపోతే, అది ఎండ చేసిన పనో మురుగు చేసిన పనో తేల్చుకోవడానికి ఆధారం దొరుకుతుంది. దీనికి పెద్ద యంత్రం ఏదీ అక్కర్లేదు. దోమతెర కట్టిన వల, జల్లెడ, తెల్ల పళ్లెం, భూతద్దం. చదరపు మీటరు జాగాలో రాళ్లను కాలితో కదిలించి, కొట్టుకొచ్చినవాటిని వలలో పట్టి పళ్లెంలో విడదీయాలి. నల్లగొండ, యాదాద్రి, సూర్యాపేట జిల్లాల ఉన్నత పాఠశాలల జీవశాస్త్రం టీచర్లకు ఒక్క రోజు నేర్పితే చాలు, మురుగు తాకని ఎగువ చోట్ల పిల్లలే ఈ పని చేయగలరు. కలుషిత చోట్ల మాత్రం మీ సిబ్బందే చేతితొడుగులతో దిగాలి, పిల్లల్ని దింపకూడదు. వచ్చిన మార్కులను తెలుగులో, పెద్ద అక్షరాలతో కత్వ పక్కన బోర్డు మీద రాయించండి. బీవోడీ అంటే మా ఊళ్లో పదిమందికి తెలియదు. మార్కులంటే అందరికీ తెలుసు.

పది గాలాల్లో తొమ్మిది మార్పిడికి పోయాయి. తొమ్మిదింటి చీటీల మీదా 'డిండి వాగు, నల్లగొండ జిల్లా' అని రాశాను. పదోది లెక్కప్రకారం నా వాటా, అది నేనుంచుకోలేదు. ఇప్పుడు మీ బల్ల మీద ఉన్నది అదే. దాని చీటీలో గాలం నంబరు ఉంది, వస్తువుల పేర్లు ఉన్నాయి, నీటి పేరు రాయాల్సిన గడి మాత్రం ఖాళీగా వదిలాను.

లెక్కకు మీరు తేదీ చెప్పండి. వలిగొండ కత్వ దగ్గర జల్లెడ, పళ్లెం పట్టుకొని ఉదయం ఆరు గంటలకే వచ్చి నిలబడతాను.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు